డాబా మీద మనిషిని వెతికే డ్రోన్: మా ప్రాజెక్టు డైరీ

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పెద్దమ్మ వాళ్లు రెండు రాత్రుళ్లు డాబా మీదే ఉన్నారు. పడవ వాళ్ల వీధి మొగదాకా వచ్చి రెండుసార్లు తిరిగి వెళ్లిపోయింది. ఆ వీధిలో ఇంకా మనుషులు ఉన్నారని పడవలో వాళ్లకు తెలియదు. వెళ్లేటప్పటికే చీకటి.

డ్రోన్‌తో డాబాల మీద ఉన్నవాళ్లను కనిపెట్టి, ఆ సంగతి పడవకు చేరవేయడం ఈ ప్రాజెక్టు పని. చేస్తున్నది ముగ్గురం. నేను సీసీ కెమెరాలు బిగిస్తాను. మా పిన్ని కొడుకు ఇంజినీరింగ్ మూడో ఏడు. మూడోవాడు నా స్నేహితుడు, పొలాల్లో మందు కొట్టే డ్రోన్ నడుపుతాడు, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉంది. మా పొరపాట్లకు పోయిన వారాలు ఇంకొకరికి పోకూడదని ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. వరద వచ్చినప్పుడు ఎవరికి వారు డ్రోన్ ఎగరేయకండి. మొన్నటి వరదలో హెలికాప్టర్లు తక్కువ ఎత్తులో తిరుగుతూ ఆహారం పొట్లాలు వేశాయి. అధికారులే పెట్టిన డ్రోన్లు కూడా అన్నం, నీళ్లు మోశాయి. వాటి మధ్యలోకి మన డ్రోన్ వెళితే సాయానికి బదులు ప్రమాదం. అధికారులు పిలిస్తేనే, వాళ్లు చెప్పిన ఎత్తులోనే ఎగరేయాలి. ఈ డైరీలోవన్నీ ఊరి బయట, డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో గ్రీన్ జోన్ (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు) అని చూసుకున్న చోట్ల చేసిన పరీక్షలు.

మొదటి దశ: ఫ్రేము, బరువు, బ్యాటరీ (2025 జనవరి)

2021 డ్రోన్ రూల్స్‌లో 250 గ్రాముల పైన 2 కిలోల దాకా మైక్రో తరగతి. అందుకే 2 కిలోలు దాటకూడదని గిరి గీసుకున్నాం. తయారైన విదేశీ డ్రోన్ల దిగుమతి 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం, విడి భాగాలకు ఆ నిషేధం లేదు. అందుకని భాగాలు కొని బిగించాం: 450 సైజు ఫ్రేము, 920 కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి 920 చుట్లు తిరిగే) మోటార్లు నాలుగు, ఆర్డుపైలట్ అనే సాఫ్ట్‌వేర్‌తో డ్రోన్‌ను నడిపే ఫ్లైట్ కంట్రోలర్ బోర్డు, మీద రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న కంప్యూటర్. అన్నీ కలిపి తూకం వేస్తే 1,534 గ్రాములు.

మూడో ఎగురుడులోనే పడిపోయింది. గాల్లో ఒకచోట నిలబడమంటే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టి, ఆ గుండ్రం పెద్దదవుతూ పోయి నేలకు కొట్టుకుంది. డ్రోన్ రాసుకున్న లాగ్ (ఎగురుడు రికార్డు) తీసి చూస్తే మోటార్ల కరెంటు పెరిగినప్పుడల్లా కంపాస్ దిశ 20 డిగ్రీల పైన జరుగుతోంది. కంపాస్ ఉన్న జీపీఎస్ ముక్కను బ్యాటరీ వైర్లకు 3 సెంటీమీటర్ల దూరంలో అతికించాను, తప్పు అక్కడే జరిగింది. చేసిన మార్పులు:

1. జీపీఎస్‌ను 12 సెంటీమీటర్ల కర్ర మీదకు ఎత్తాం.
2. ప్లస్, మైనస్ వైర్లను ఒకదానికొకటి మెలివేశాం.
3. కంపాస్ కాలిబ్రేషన్ అన్నీ బిగించాక, బ్యాటరీతో సహా మళ్లీ చేశాం.

తర్వాత జరుగుడు 4 డిగ్రీల లోపు.

బ్యాటరీ రెండో తలనొప్పి. 5,200 ఎంఏహెచ్ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీతో 13 నిమిషాలే వచ్చింది. 21700 సైజు లిథియం అయాన్ సెల్స్ ఎనిమిదింటితో 10,000 ఎంఏహెచ్ ప్యాక్ కట్టించాం. బరువు 120 గ్రాములు పెరిగి 1,654 అయింది, ఎగిరే సమయం 23 నిమిషాలకు చేరింది. కానీ మొదటిరోజే గాలి కాస్త విసిరేసరికి వోల్టేజి ఒక్కసారిగా పడి, సగం దారిలో వెనక్కి వచ్చేసింది. ఇంతకు తగ్గితే వెనక్కి వచ్చేయమని లిపో కోసం పెట్టిన 14.0 వోల్టుల హద్దు అలాగే ఉండిపోయింది. ఈ సెల్స్‌కు అది చాలా ఎక్కువ. 12.8కి తగ్గించి, దానితోపాటు ఖర్చయిన ఎంఏహెచ్ మీద కూడా హద్దు పెట్టాం. రెండూ ఉండాలి.

ఇంకో డబ్బు దండగ: డ్రోన్ సమాచారం కిందికి పంపే టెలిమెట్రీ రేడియో 915 మెగాహెర్ట్జ్‌ది కొన్నాం. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోగలిగింది 865 నుంచి 868 దాకా. కొనేముందు ఆ అంకె చూసుకోండి.

ఇప్పటిదాకా: ఖర్చు ₹53,000. ఎగిరినవి 9, మొత్తం 1 గంట 20 నిమిషాలు. కూలినది 1.

రెండో దశ: థర్మల్ కెమెరా, లెక్కలు (ఫిబ్రవరి నుంచి ఏప్రిల్)

వేడిని బట్టి బొమ్మ చూపించే థర్మల్ కెమెరా, లెప్టన్ 3.5 కొన్నాం. 160 అడ్డం, 120 నిలువు పిక్సెల్స్, అడ్డంగా 57 డిగ్రీల చూపు. కొన్నాక లెక్క వేశాం. కొనకముందు వేయాల్సిన లెక్క అది:

1. 30 మీటర్ల ఎత్తు నుంచి అడ్డంగా కనిపించేది 32.6 మీటర్లు.
2. దాన్ని 160తో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కు 20 సెంటీమీటర్లు.
3. మనిషి భుజాల వెడల్పు ఇంచుమించు 45 సెంటీమీటర్లు, అంటే రెండు పిక్సెల్స్.
4. నీళ్లలో మెడ దాకా మునిగిన మనిషి తల ఒక్క పిక్సెల్.

ఒక్క పిక్సెల్‌ను చూసి ఇది మనిషి అని ఏ ఏఐ మోడలూ చెప్పజాలదు. 20 మీటర్లకు దిగితే పిక్సెల్‌కు 13.6 సెంటీమీటర్లు. కాస్త నయం, కానీ సింగ్‌నగర్‌లో మూడంతస్తుల డాబాల మీద సెల్ టవర్లు ఉన్నాయి. 20 మీటర్లలో రాత్రిపూట తిరగనివ్వడానికి మాకు ధైర్యం చాలలేదు. థర్మల్ నీటి లోపలికి చూడదనీ గుర్తుంచుకోవాలి. నీటికి ఒక అంగుళం కింద చెయ్యి ఉన్నా కనపడదు.

వేడి సంగతి ఇంకో పాఠం. ఏప్రిల్‌లో మా డాబా స్లాబును ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలిచాం: మధ్యాహ్నం 2 గంటలకు 54 డిగ్రీలు, రాత్రి 8కి 38, తెల్లవారి 5కి 28. మనిషి ముఖం, చేతులు 33, 34 దగ్గర ఉంటాయి. మధ్యాహ్నం మనిషి స్లాబు మీద చల్లటి మచ్చలా కనిపిస్తాడు. రాత్రి పదింటి ప్రాంతంలో స్లాబు, మనిషి ఒకే వేడికి వచ్చి మనిషి పూర్తిగా మాయమైపోయాడు. మా తమ్ముడు చేతులు ఊపుతూ డాబా మధ్యలో నిలబడి ఉన్నాడు, తెర మీద ఏమీ లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరూ లేరని తెర చెబితే నమ్మి వెళ్లిపోయేవాళ్లం కదా.

వరద రోజుల్లో మబ్బు పట్టి, స్లాబు తడిసి చల్లగా ఉంటుంది కాబట్టి పరిస్థితి ఇంతకన్నా మేలే. బక్కెట్లతో స్లాబు తడిపి రాత్రి 9కి మళ్లీ చూస్తే 29 డిగ్రీలు, మనిషి తెల్లగా స్పష్టంగా కనిపించాడు. అయినా మార్పు ఒకటి చేశాం: ఎగరేసే ముందు స్లాబు వేడి కొలిచి, 31 నుంచి 36 మధ్య ఉంటే థర్మల్ మీద ఆధారపడకూడదని చెక్‌లిస్టులో రాసుకున్నాం. పగలు మామూలు కెమెరా, రాత్రి థర్మల్ 25 మీటర్లలో, అదీ ముందే టవర్లు గుర్తు పెట్టుకున్న దారిలోనే.

ఇప్పటిదాకా: ఖర్చు ₹91,800. ఎగిరినవి 24, మొత్తం 4 గంటల 10 నిమిషాలు. కూలినది 1.

మూడో దశ: ఏఐకి డాబా నేర్పించడం (ఏప్రిల్, మే)

ఫొటోలో ఏమేం ఉన్నాయో గుర్తుపట్టే ఏఐ మోడల్ యోలో. మామూలు ఫొటోలతో శిక్షణ పొందిన ఆ మోడల్‌కు మనిషి అంటే నిలువుగా, కాళ్లూ చేతులతో కనపడాలి. పైనుంచి చూస్తే మనిషి అంటే ఒక తల, రెండు భుజాలు. డ్రోన్ ఫొటోలతో చేసిన విజ్‌డ్రోన్ డేటాతో మళ్లీ శిక్షణ ఇస్తే మెరుగైంది. కానీ అందులో ఎక్కువగా రోడ్లు, కూడళ్లు. మన డాబాలు వేరు. అందుకని సొంతంగా 1,140 ఫొటోలు తీశాం.

తీసే ముందు ఇంటింటికీ వెళ్లి అడిగాం. డాబా అంటే ఆడవాళ్లు తల ఆరబెట్టుకునే చోటు, పెద్దవాళ్లు పడుకునే చోటు. రెండిళ్ల వాళ్లు గట్టిగానే వద్దన్నారు, ఆ ఇళ్ల మీదుగా వెళ్లకుండా దారి మార్చాం. ఒప్పుకున్నవాళ్లకు కూడా ఫొటోలు చూపించి, వద్దన్నవి వాళ్ల ముందే తీసేశాం. ఇది పనిలో భాగమే. దీన్ని వదిలేసి ముందుకు వెళ్లకండి.

మొదటి ఫలితంలో 96 శాతం మంది దొరికారు. ముగ్గురం సంతోషపడ్డాం, వారం తర్వాత అది తప్పని తేలింది. ఒకే ఎగురుడులో తీసిన ఫొటోలను కొన్ని శిక్షణకు, కొన్ని పరీక్షకు వేశాం. అదే డాబా, అదే మనిషి, అర సెకను తేడా. మోడల్ చూసిందే మళ్లీ చూసింది. వీధుల వారీగా విడగొట్టి, మోడల్ ఎన్నడూ చూడని వీధిలో పరీక్ష పెడితే 60 మందిలో 23 మందే దొరికారు. అంటే 38 శాతం. పైగా 200 ఫొటోల్లో 118 తప్పుడు గుర్తులు.

ఆ 118నీ ఒక్కొక్కటిగా తెరిచి చూశాం. ఒక మధ్యాహ్నమంతా పట్టింది కానీ ఈ ప్రాజెక్టులో అంత పనికొచ్చిన మధ్యాహ్నం ఇంకోటి లేదు:

1. దండెం మీద ఆరేసిన నైటీలు, చీరలు: 47
2. నీళ్ల ట్యాంకు మూతలు: 29
3. సిమెంటు బస్తాలు, ఇసుక కుప్పలు: 18
4. కుక్కలు, మేకలు: 9
5. మిగతావి: 15

మనుషులెవరూ లేని డాబాల ఫొటోలు 420 కలిపాం. బట్టలు ఆరేసినవి, ట్యాంకులు ఉన్నవి ఏరి మరీ తీశాం. ఇంకో మార్పు, మోడల్‌కు ఎంత నమ్మకం ఉంటే మనిషి అని గుర్తు పెట్టాలో ఆ హద్దును 0.5 నుంచి 0.25కి తగ్గించాం. మనిషిని వదిలేయడం కన్నా చీరను మనిషి అనుకోవడం మేలు. ఇప్పుడు 60 మందిలో 51 మంది దొరుకుతున్నారు, తప్పుడు గుర్తులు 31.

దొరకని తొమ్మిది మందిలో ఆరుగురు గొడుగు కిందో టార్పాలిన్ పట్టా కిందో ఉన్నారు, ముగ్గురు మెట్ల గది నీడలో పడుకుని ఉన్నారు. వానలో జనం ఉండేది సరిగ్గా అక్కడే. దీనికి కెమెరాతో మందు లేదు. చివరికి డ్రోన్‌కు చిన్న బజర్ కట్టాం. చప్పుడు వింటే జనం పట్టా కింది నుంచి బయటికి వచ్చి చూస్తారు. పరీక్షలో, ముందే ఏమీ చెప్పని నలుగురిలో ముగ్గురు తల బయటపెట్టారు. బజర్ బరువు 11 గ్రాములు.

ఇప్పటిదాకా: ఖర్చు ₹93,000. ఎగిరినవి 41, మొత్తం 8 గంటల 30 నిమిషాలు. కూలినది 1.

నాలుగో దశ: వేగం, చోటు, కొబ్బరి చెట్టు (మే)

మామూలు కెమెరా ఫొటో 4,608 అడ్డం, 2,592 నిలువు పిక్సెల్స్. మోడల్ తీసుకునేది 640 పిక్సెల్సే. ఫొటోను ఒకేసారి 640కి కుదిస్తే మనిషి తల మూడు పిక్సెల్స్ అవుతుంది, కనపడదు. ముక్కలుగా కోసి, అంచులు ఒకదాని మీద ఒకటి పడేలా ఇస్తే ఫొటోకు 45 ముక్కలు. ముక్కకు 95 మిల్లీసెకన్లు, ఫొటోకు 4.3 సెకన్లు. 30 మీటర్ల ఎత్తులో, సెకనుకు 5 మీటర్ల వేగంలో కొత్త ఫొటో 3.1 సెకన్లకే వస్తోంది. డ్రోన్ దిగేసరికి ఏడు నిమిషాల పని పేరుకుపోయింది. పైగా ఎండకు రాస్ప్‌బెర్రీ పై బోర్డు 80 డిగ్రీలు దాటి తనంతట తానే వేగం తగ్గించుకుంది.

మార్పు: ఫొటోను ముందు సగానికి కుదించి కోస్తే 15 ముక్కలే, 1.4 సెకన్లు. ఎత్తు 40 మీటర్లకు పెంచాం. పిక్సెల్‌కు 2.25 సెంటీమీటర్లు, తల తొమ్మిది పిక్సెల్స్. అది చాలుతోంది. షట్టరు సెకనులో వెయ్యో వంతుకు కట్టేశాం, ఫోకస్‌ను ఆటో నుంచి తీసేసి దూరానికి స్థిరం చేశాం. ఆటోఫోకస్ మోటారు అదురుకు వెతుక్కుంటూ ప్రతి ఆరో ఫొటోనూ పాడుచేసింది.

ఈ లెక్కన ఒక్క బ్యాటరీకి పనికొచ్చే 18 నిమిషాల్లో 17.5 హెక్టార్లు, అంటే 43 ఎకరాలు చూడగలం.

తర్వాత తేలింది అసలు చిక్కు. మ్యాపు మీద గుర్తు పక్కింటి మీద పడుతోంది. కొలిస్తే 9 మీటర్ల తేడా. కారణాలు రెండు. ఫొటో తీసిన క్షణానికి, జీపీఎస్ రాసుకున్న క్షణానికి 0.7 సెకను తేడా ఉంది, ఆ లోపు డ్రోన్ 3.5 మీటర్లు జరుగుతుంది. ముందుకు వెళ్లేటప్పుడు డ్రోన్ 8 డిగ్రీలు వంగుతుంది, 40 మీటర్ల ఎత్తులో అది నేల మీద 5.6 మీటర్లు. మన కాలనీల్లో 9 మీటర్లంటే ఒక ఇల్లు. ఫొటో సమయాన్ని ఫ్లైట్ కంట్రోలర్ గడియారంతో కలిపి, వంపు లెక్కలోకి తీసుకున్నాక తేడా 3 మీటర్లకు తగ్గింది.

ఇదే వారం రెండోసారి కూల్చాం. ఒక గుర్తును దగ్గరగా చూద్దామని 12 మీటర్లకు దించినప్పుడు సిగ్నల్ తెగింది. డ్రోన్ తనంతట తానే ఇంటిదారి పట్టింది. వెనక్కి వచ్చే ఎత్తు ఆర్డుపైలట్ మొదటే పెట్టి ఇచ్చే 15 మీటర్ల దగ్గరే ఉంది, మేం మార్చలేదు. సూటిగా కొబ్బరి మట్టల్లోకి వెళ్లింది. డ్రోన్ ఫ్రేము చెయ్యి ఒకటి, ఒక మోటారు, రెక్కలు, జీపీఎస్ కర్ర పోయాయి. ఇప్పుడు ఆ ఎత్తు 45 మీటర్లు, ఎగిరే ముందు ఒకరు చదివితే ఇంకొకరు చూసి సరే అనాలి.

ఇప్పటిదాకా: ఖర్చు ₹96,700. ఎగిరినవి 53, మొత్తం 11 గంటల 40 నిమిషాలు. కూలినవి 2.

ఐదో దశ: పడవ (మే చివర)

మైలవరం వైపు ఒక చెరువులో పడవ మాట్లాడుకున్నాం. నడిపినాయన బందరు పక్క ఊరి మత్స్యకారుడు, అరవై దాటాయి. పోయిన వరదలో సింగ్‌నగర్ వీధుల్లో పడవ నడిపాడు. చెరువు మధ్య లంక మీద, తుమ్మచెట్ల చాటున ముగ్గురిని నిలబెట్టాం. డ్రోన్ ముగ్గురినీ కనిపెట్టింది. మ్యాపు మీద మూడు ఎర్ర చుక్కలున్న ఫోను ఆయన చేతిలో పెట్టాను.

ఆయన ఫోను ఎండకు అడ్డంగా తిప్పాడు, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తడి వేలితో నొక్కితే మ్యాపు ఎటో జరిగిపోయింది. లుంగీకి వేలు తుడుచుకుని మళ్లీ నొక్కాడు. పడవ తిరిగింది, మ్యాపు తిరగలేదు. ముగ్గురి దగ్గరికీ చేరేసరికి 26 నిమిషాలు.

ఒడ్డుకు వచ్చాక ఫోను నా చేతిలో పెట్టి, "చుక్క నాకెందుకు బాబూ, గుర్తు చెప్పు. సంద్రంలో కూడా మేం గుడీ, తాడిచెట్టూ చూసుకునే ఒడ్డుకు వస్తాం" అన్నాడు.

"ఎట్టాంటి గుర్తు కావాలి బాబాయ్?"

"నీళ్లు వచ్చాక కూడా కనపడేది."

రెండోసారి మనుషులను వేరే చోట్లకు మార్చి, మ్యాపు లేకుండా కాగితం ఇచ్చాం: "ఎండు తుమ్మకు ఎడమ పక్క, రెండు పడవల దూరం." 9 నిమిషాల్లో ముగ్గురినీ చేరుకున్నాడు.

ఆ సాయంత్రమే పని తీరు మార్చుకున్నాం. మా దృష్టంతా కనిపెట్టడం మీదే ఉండింది. పైనుంచి చూసిన డాబా, పడవలోంచి చూసే ఇల్లు ఒకటేనని పడవ వాళ్లకు ఎలా తెలుస్తుందో మేం ఆలోచించలేదు. పైనుంచి ట్యాంకు కనిపిస్తుంది, కింది నుంచి గోడ రంగు.

1. పెద్దమ్మ వాళ్ల పేటలో 40 ఎకరాలు నడిచి గుర్తుల జాబితా రాశాం: గుళ్లు, మసీదులు, చర్చిలు, టవర్లు, దుకాణాల బోర్డులు. మొత్తం 212.
2. బాబాయ్ మాట ప్రకారం, 2024లో గోడల మీద మిగిలిన నీటి చారకు కిందున్న గుర్తులన్నీ కొట్టేశాం. పాల బూతులు, బోర్డులు, వీధి పేర్ల రాళ్లు పోయాయి. 87 పోయి 125 మిగిలాయి.
3. కనిపెట్టిన ప్రతి మనిషికీ, దగ్గరి గుర్తు నుంచి ఏ పక్క ఎన్నో ఇల్లో ప్రోగ్రామే తెలుగులో ఒక వాక్యం రాసి, ఫొటో ముక్కతో కలిపి ఇస్తుంది.
4. ఆ ఫొటో ముక్కను మాలో ఒకరు చూసి మనిషే అని ఖాయం చేశాకే పడవకు వెళ్తుంది. ఒక్కోదానికి మూడు సెకన్లు. తప్పు గుర్తు కోసం పడవ వెళ్లి వస్తే దాదాపు అరగంట పోతుంది, ఆ అరగంటలో ఇంకొక ఇంటివాళ్లను దించవచ్చు.

ఇంటర్నెట్ వాడటం లేదు. వరదలో కరెంటు, సిగ్నల్ రెండూ పోతాయి. డ్రోన్ దిగాక ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్ మీదే ఫొటోలు దింపుకుంటాం, కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టి పడవకు ఇస్తాం. డాబా మీదివాళ్ల విషయంలో ఈ 20 నిమిషాల ఆలస్యం భరించవచ్చు. నీళ్లలో కొట్టుకుపోయేవాళ్లకు ఇది పనికిరాదు. ఆ పని ఈ డ్రోన్‌తో చేయగలమని ఎవరికీ చెప్పడం లేదు.

ఇప్పటిదాకా: ఖర్చు ₹99,700. ఎగిరినవి 62, మొత్తం 14 గంటల 20 నిమిషాలు. కూలినవి 2.

ఆరో దశ: వాన (జూన్, మృగశిర కార్తె)

బోర్డులకు తేమ తగలకుండా లక్క పూత లాంటి స్ప్రే కొట్టాం, రాస్ప్‌బెర్రీ పై మీద టిఫిన్ బాక్సు మూతతో గొడుగు బిగించాం. తోట పైపుతో పది నిమిషాలు తడిపితే లోపల పొడిగానే ఉంది. కానీ థర్మల్ అద్దం మీద ఒక్క చుక్క నిలిచినా వెనక సగం ఫొటో నల్లబడుతోంది. అద్దం చుట్టూ 4 సెంటీమీటర్ల గొట్టం పెడితే తుంపర వరకు ఆగింది. గట్టి వానలో ఆగలేదు. గాలి సెకనుకు 8 మీటర్లు దాటినా ఎగరేయం. కాబట్టి ఇది వాన తెరిపిచ్చిన గంటల్లో పనిచేసే డ్రోన్, అంతవరకే.

మిగిలిన పనులు: రాత్రిపూట పడవతో కలిపి ఒక్క పరీక్ష కూడా చేయలేదు. మోడల్ ఇంకా గొడుగును మనిషిగా గుర్తించడం లేదు, గొడుగుల ఫొటోలు 300 కావాలి. గుర్తుల జాబితాను పేటలో పెద్దవాళ్లతో ఇంకోసారి సరిచూడాలి. మేం రాసిన పేర్లు కొన్ని అక్కడ ఎవరూ వాడరు.

ఇప్పటిదాకా: ఖర్చు ₹1,00,600. ఎగిరినవి 66, మొత్తం 15 గంటల 5 నిమిషాలు. కూలినవి 2.

నిన్న జాబితాలో 61వ గుర్తు సరిచూశాం. ప్రోగ్రాము దాని కింద రాసిన మొదటి వాక్యం పెద్దమ్మకు చదివి వినిపించాను: "చర్చి శిలువ నుంచి కుడి పక్క నాలుగో ఇల్లు, రెండు నల్ల ట్యాంకులు." నాలుగోది కాదు, ఐదోది అంది. మధ్యలో రేకుల షెడ్డును మేం ఇల్లుగా లెక్కపెట్టలేదు. షెడ్లు కూడా లెక్కలోకి తీసుకోవాలి, రేపటి నుంచి ఆ పని.